గుండె దడదడలాడితే ప్రేమేనా?

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పుతుంటే ఒక కవరు మీద యలమంచిలి పోస్టు ముద్ర కనబడింది. సొంతూరి ముద్ర కనబడితే చెయ్యి ఆగుతుందా? మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాన్నే చింపాను. నేను చదువుకునే రోజుల్లో మా ఊరు విశాఖపట్నం జిల్లా. 2022 నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారినా మా ఊరి కుర్రాళ్ళ సినిమా పిచ్చి మారలేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది.

"సార్, నాకు 19 ఏళ్ళు. డిగ్రీ రెండో సంవత్సరం. కొత్త పిక్చరు వస్తే మొదటి ఆట చూడాల్సిందే. ఈమధ్య హాల్లో లైట్లు ఆరేసరికి గుండె దడదడమంటోంది. ఒక్కోసారి రాత్రి పడుకున్నాక ఒక దెబ్బ తప్పినట్టయి, వెంటనే ఢబ్బుమని గట్టిగా కొట్టుకుంటుంది. ఫ్రెండ్స్‌కి చెబితే 'ఎవర్రా ఆ పిల్ల?' అని నవ్వుతున్నారు. ఇంట్లో చెబితే సినిమాలు మానెయ్యమంటారు. పునీత్ రాజ్‌కుమార్, తారకరత్న గుర్తొస్తే నిద్ర పట్టడం లేదు. నాకూ అలాగే అవుతుందా సార్?"

పేరు వేయొద్దన్నాడు. వేయను. కానీ జవాబు మాత్రం కార్డు ముక్క మీద రాసి ఊరుకోను, ఇక్కడే ఇస్తాను. ఇదే ప్రశ్న అడగాలని ఉండి అడగలేనివాళ్ళు మీలో ఇంకా ఎంతమంది ఉన్నారో! నేను డాక్టర్ని కాను. బొమ్మలు చూసి రాసుకునేవాణ్ణి. అయితే ఈ గుండెదడతో నాకు పాత పరిచయం ఉంది. పైగా మా వీధిలో నాతో గోళీలాడినవాడొకడు ఇవాళ గుండె డాక్టరు. ఇది వాడికి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకునే పంపుతున్నాను.

సినిమా నేర్పిన గుండె

మన సినిమాల్లో గుండెకు రెండే వేషాలు. నాయిక ఎదురుపడితే దడదడలాడుతుంది. ఇంటర్వెల్ ముందు నాయకుడి నాన్నగారు ఛాతీ పట్టుకుని మెట్ల మీంచి దొర్లితే ఆగిపోతుంది. ఒకటి ప్రేమ, రెండోది చావు. ఆ రెండింటి మధ్య గుండెకు వేరే బతుకే లేనట్టు చూపిస్తారు. అందుకే కుర్రాడి గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే స్నేహితులు మొదటి సీను ఊహిస్తారు, వాడు రెండో సీను ఊహించుకుంటాడు.

అసలు లెక్క చూడండి. నిమిషానికి 72 సార్లు అనుకుంటే, రెండున్నర గంటల సినిమా ముగిసేలోగా మీ గుండె 10,800 సార్లు కొట్టుకుంటుంది. రోజుకైతే లక్ష దాటుతుంది. ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 దాకా మామూలే. ఇంత పని జరుగుతున్నా మనకు తెలియదు. ఎప్పుడైనా వేగంగానో, బలంగానో, లయ తప్పినట్టో కొట్టుకుని మన దృష్టికి వచ్చిందా, దాన్నే గుండెదడ అంటాం. అంటే దడ అనేది జబ్బు పేరు కాదు, గుండె పంపిన కబురు. అది మంచి కబురా, చెడ్డ కబురా అన్నది తర్వాత తేలాలి.

లైట్లు ఆరగానే దడ రావడంలో వింత లేదు. అభిమాన నటుడి బొమ్మ, హాలు నిండా ఈలలు, ఉక్కపోత, తెల్లవారుజామునే లేచి ఖాళీ కడుపుతో వచ్చిన కుర్రాడు... ఉత్సాహానికీ భయానికీ ఒంట్లో ఊరే రసం ఒకటే. దాని పేరు అడ్రినలిన్. అది వస్తే గుండె పరిగెత్తుతుంది. ఆట మొదలై కుదురుగా కూర్చుంటే నెమ్మదిస్తుంది.

మరి దెబ్బ తప్పడం? పాత రోజుల్లో ఫిలిం తెగితే ఆపరేటరు అతికించేవాడు. ఆ అతుకు దగ్గర బొమ్మ ఒక్కసారి ఎగిరేది. నేల టిక్కెట్టువాళ్ళు ఈలేసేవాళ్ళు. మళ్ళీ కథ నడిచేది. గుండెలోనూ ఇంతే. అప్పుడప్పుడు ఒక దెబ్బ కాస్త ముందుగా పడుతుంది. అది బలంగా ఉండదు కనక మనకు తెలియదు. దాని వెనక చిన్న విరామం వస్తుంది. ఆ విరామంలో గుండె గదిలోకి రక్తం కొంచెం ఎక్కువ చేరుతుంది. అందుకని ఆ పై దెబ్బ ఢబ్బుమంటుంది. నిజానికి దెబ్బ తప్పలేదు, ముందుగా పడింది, అంతే. నిక్షేపంలాంటి ఆరోగ్యం ఉన్నవాళ్ళకూ ఇది వస్తుంది. రాత్రి పడుకున్నాక ఎక్కువ తెలియడానికి కారణం చుట్టూ నిశ్శబ్దం. ఎడమవైపు ఒత్తిగిల్లితే మరీను.

నాకొచ్చిన దడ

అది 1981. నాకూ 19 ఏళ్ళే. పగలు కాలేజీ, రాత్రి సెకండు షో, ఆ తర్వాత పరీక్షల చదువు. స్టేషన్ దగ్గర టీ కొట్లో రోజుకు ఎనిమిది టీలు. వాటితోపాటు నాన్నకు తెలియకుండా సిగరెట్లు. ఒక అర్ధరాత్రి పుస్తకం ముందు కూర్చుంటే గుండె గుర్రంలా పరిగెత్తింది. చేతులు వణికాయి. అమ్మ లేచి, "ఏటిరా, మొకం అలా పాలిపోనాది?" అని ఏడుపు లంకించుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నిద్రపోలేదు. తెల్లారగానే నాన్న నన్ను విశాఖపట్నం రైలెక్కించాడు.

మాతో మా అప్ప కూడా వచ్చింది. మావైపు అక్కను అప్ప అంటాం. పెద్దమ్మ కూతురు. నాకంటే మూడేళ్ళు పెద్ద. అప్పుడు తనకు సంబంధాలు చూస్తున్నారు. పట్నంలో చీర కొనుక్కోవచ్చని వచ్చింది.

అప్ప గురించి ఒక మాట చెప్పాలి. దానికి రెండు వారాల ముందే ఇంటిల్లిపాదీ 'ప్రేమాభిషేకం' చూశాం. నాగేశ్వరరావు గారి పాత్రకు క్యాన్సరని తెలిసిన దగ్గర్నుంచి హాలంతా కళ్ళొత్తుకుంటోంది. ఆడవాళ్ళ వరసలో అప్ప ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, ముందుకు వంగి ఊపిరి తీసుకుంటోంది. బయటికొచ్చాక మా అత్తలు ఒకటే ఆటపట్టించారు. "నాగేస్సర్రావు కోసం దీని గుండె కొట్టుకుంటందే!" అన్నారు. అప్పా నవ్వింది. నేనూ నవ్వాను. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆసుపత్రిలో నాకు ఇ.సి.జి. తీశారు. పెద్ద డాక్టరుగారు ఆ కాగితం చూసి, నాడి పట్టుకుని, "రోజుకు ఎన్ని టీలు తాగుతావోయ్?" అన్నారు. చెప్పాను. "సిగరెట్లు?" అన్నారు. నాన్న వంక చూశాను. ఆయనకు అర్థమైపోయింది. "నీ గుండెకేం లేదు. నువ్వు దాన్ని రాత్రిళ్ళు పడుకోనివ్వడం లేదు, అంతే. టీలు రెండుకు తగ్గించు, సిగరెట్టు మానెయ్, నిద్రపో" అన్నారు. బతికిపోయాననుకున్నాను, సిగరెట్ల సంగతిలో తప్ప.

లేవబోతుంటే ఆయన మా వెనక కూర్చున్న అప్పను చూశారు. ఆయన గది మొదటి అంతస్తులో. అప్ప పైకి వచ్చి పావుగంట అయినా ఇంకా ఆయాసపడుతోంది. "అమ్మాయ్, మెట్లెక్కితే రోజూ ఇంతేనా?" అన్నారు. అప్ప తల దించుకుని, "ఏటీ లేదండి, ఊరికే" అంది. "చిన్నప్పుడు జ్వరం వచ్చి కీళ్ళు వాచాయా?" అన్నారు. అప్పుడు నాన్నకు గుర్తొచ్చింది. పదేళ్ళప్పుడు అప్పకు గొంతునొప్పి తగ్గిన కొన్నాళ్ళకు జ్వరం వచ్చింది. ఒక మోకాలు వాచి తగ్గితే రెండో మోకాలు వాచింది. మా మామ్మ వావిలాకు కాపడం పెట్టింది. పేటలో మందులిచ్చే ఆయన బలానికి సూది వేశాడు. వాపు తగ్గింది. అందరూ మరిచిపోయారు.

గుండె మరిచిపోలేదు. కీళ్ళవాతం జ్వరమంటే అదే. కీళ్ళను తడిమి వదిలేస్తుంది, గుండెను కాటేస్తుందని వైద్యుల్లో ఒక పాత మాట. గొంతులో చేరే ఒక రకం సూక్ష్మజీవితో ఒళ్ళు పోరాడుతూ, పొరపాటున తన గుండె కవాటాలనే దెబ్బతీసుకుంటుంది. అప్పకు ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే కవాటం ఏళ్ళ తరబడి బిగుసుకుపోతూ వచ్చింది. పెరట్లో నూతి నుంచి రెండు బిందెలు తెచ్చినా దడ, దగ్గు, ఆయాసం. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అంటే తను అన్న మాట నాకిప్పటికీ గుర్తే: "సంబంధాలు చూస్తన్నారు కదా. గుండిజబ్బంటే ఎవడు చేసుకుంటాడు?"

స్టెతస్కోపు పెట్టబోతే అప్ప ముడుచుకుపోయింది. ఆ డాక్టరుగారు నర్సును పిలిచి, నవ్వుతూ ఒక కథ చెప్పారు. 1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడికి ఒక యువతి ఛాతీకి చెవి ఆన్చి వినడం బిడియమనిపించిందట. అప్పటికి వేరే సాధనం లేదు. ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీ మీద పెట్టి రెండో కొసకు చెవి ఆన్చాడట. చప్పుడు ఇంకా బాగా వినిపించిందట. "అలా పుట్టిందమ్మా ఇది. నీలాంటి బిడియస్తుల కోసమే" అన్నారు. అప్ప నవ్వింది. పరీక్ష జరిగింది.

తర్వాత సంవత్సరం ఆపరేషనయింది. మూడు వారాలకొకసారి పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయించుకుంది. చెప్పొచ్చేదేమిటంటే, గొడవ చేసిన నా గుండెలో ఏమీ లేదు. నోరెత్తని అప్ప గుండెలో అంతా ఉంది. మగపిల్లాడికి దడ వస్తే రైలెక్కించాం. ఆడపిల్లకు వస్తే ఆటపట్టించాం. ఈ మాట రాయడానికి నాకిన్నేళ్ళు పట్టింది.

దడ వెనక ఎవరున్నారు?

మళ్ళీ మా ఊరి కుర్రాడి దగ్గరికి వద్దాం. తమ్ముడూ, ముందు నీ దినచర్య చూసుకో. నిద్ర తక్కువ కావడం, టీ, కాఫీ, డబ్బాల్లో అమ్మే ఎనర్జీ డ్రింకులు, సిగరెట్టు, గుట్కా, మద్యం... ఇవన్నీ దడ తెప్పిస్తాయి. నీళ్ళు తాగకపోయినా, జ్వరం వచ్చినా వస్తుంది. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు, ఉబ్బసానికి పీల్చే మందులు కూడా కొందరిలో దడ పుట్టిస్తాయి. అలాగని ఉబ్బసం మందు సొంతంగా మానకూడదు, డాక్టరుకు చెప్పాలి. అమ్మాయిల్లో రక్తం తక్కువైతే దడ, నీరసం, ఆయాసం కలిసి వస్తాయి. మెడ దగ్గరుండే థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే దడతోపాటు చెమటలు, చేతులు వణకడం, బరువు తగ్గడం ఉంటాయి. ఇవి రక్తపరీక్షలో తేలిపోతాయి.

భయం కూడా ఒక కారణమే. చిక్కేమిటంటే దడ వస్తే భయం, భయపడితే దడ. ఒకదాన్నొకటి తరుముకుంటాయి. అలాంటప్పుడు కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసుకుని, తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదలాలి. అయితే ఒక హెచ్చరిక. ఎదుటివాడి దడను "భయం"గా తేల్చే హక్కు మనకు లేదు. అది పరీక్ష చేశాక డాక్టరు చెప్పవలసిన మాట.

ఇవికాక గుండెలోని కరెంటు లైనులో తేడా వల్ల వచ్చే దడ ఒకటుంది. స్విచ్చి వేసినట్టు హఠాత్తుగా మొదలై, నిమిషానికి 150 దాటి పరిగెత్తి, స్విచ్చి తీసినట్టు ఆగిపోతుంది. కుర్రవయసులోనూ వస్తుంది. దీనికి మంచి వైద్యం ఉంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని తీగను గుండె దాకా పంపి, తేడా ఉన్న చోటును కాల్చి సరిచేస్తారు. ఛాతీ కోయనక్కర్లేదు.

డాక్టరు దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి?

దడకున్న పెద్ద చెడ్డగుణం, డాక్టరు ముందుకు వెళ్ళేసరికి మాయమవడం. షూటింగ్ రోజున రాని నటుడిలాగ! అందుకని సాక్ష్యం మనమే పట్టుకెళ్ళాలి.

బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్ళు ఆన్చండి. గడియారం చూస్తూ 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. లయ తప్పుతుంటే నిమిషమంతా లెక్కపెట్టండి. చేతి గడియారాలే ఇప్పుడు లెక్క చెబుతున్నాయి, మంచిదే. కానీ నిమిషానికోసారి దాన్నే చూసుకుంటే అదే ఒక దడ!

ఒక కాగితం మీద రాయండి. ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తుండగా వచ్చింది, ఎంతసేపుంది, హఠాత్తుగా ఆగిందా, మెల్లగా తగ్గిందా, దాంతో ఇంకేం అనిపించింది, ముందు ఏం తాగారు, ఏం మందులు వాడుతున్నారు. గుండె ఎలా కొట్టుకుందో డాక్టరుగారి బల్ల మీద వేళ్ళతో తట్టి చూపించండి. నవ్వకండి, మా వాడు తన దగ్గరికొచ్చేవాళ్ళను నిజంగానే తట్టమంటాడు. సగం సంగతి అందులోనే తెలుస్తుందంటాడు.

దడ లేనప్పుడు తీసిన ఇ.సి.జి. మామూలుగానే ఉండవచ్చు. అప్పుడు 24 గంటలో, ఇంకా ఎక్కువో ఒంటికి కట్టుకు తిరిగే హోల్టర్ అనే చిన్న యంత్రం ఇస్తారు. దాన్ని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ మొదట తయారుచేసినప్పుడు అది దాదాపు 38 కిలోలుండేది, వీపున మోయాల్సి వచ్చేది. ఇప్పుడు జేబులో పడుతుంది. కవాటాలు చూడడానికి ఎకో పరీక్ష ఉంది. నొప్పి లేదు, సూది లేదు. 1981లో ఇన్ని సౌకర్యాలు మాకు లేవు.

ఎప్పుడు వెళ్ళాలి, ఎప్పుడు పరిగెత్తాలి?

ఎప్పుడో ఒకసారి వచ్చి, కొన్ని క్షణాల్లో పోయి, వేరే బాధ ఏమీ లేకపోతే కంగారు అక్కర్లేదు. తరచుగా వస్తున్నా, రాను రాను ఎక్కువవుతున్నా, ఎక్కువసేపు ఉంటున్నా తీరిక చేసుకుని డాక్టరును కలవండి. చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చినవాళ్ళు, గుండెజబ్బు ఉందని తెలిసినవాళ్ళు, గర్భిణులు, ఇంట్లో ఎవరైనా చిన్నవయసులోనే హఠాత్తుగా పోయినవాళ్ళు మాత్రం మొదటిసారికే వెళ్ళాలి.

దడతోపాటు కళ్ళు తిరిగి పడిపోయినా, పడిపోబోయినా, ఛాతీలో నొప్పిగానీ బరువుగానీ ఉన్నా, ఆ నొప్పి చేతికో దవడకో పాకినా, ఊపిరి అందకపోయినా ఇక ఆలోచించొద్దు. కూర్చుని ఉన్నా గుండె విపరీతమైన వేగంతో కొట్టుకుంటూ తగ్గకపోయినా అంతే. ఆటలోనో, జిమ్ములోనో, డాన్సులోనో ఉండగా స్పృహ తప్పితే తర్వాత లేచి కూర్చున్నా సరే, చూపించాల్సిందే. 108కి ఫోన్ చేయండి. మన రాష్ట్రంలో 2005 నుంచి ఉన్న సర్వీసు అది. మోటారు సైకిలు మీద సొంతంగా బయల్దేరకండి. "క్లైమాక్స్ చూసి వెళదాం" అనుకోకండి. సినిమా రేపు కూడా ఆడుతుంది.

నీ చివరి ప్రశ్న

పునీత్ రాజ్‌కుమార్ 2021 అక్టోబరు 29న 46 ఏళ్ళకే పోయారు. తారకరత్న 2023 జనవరి 27న కుప్పంలో కుప్పకూలి, మూడు వారాలు మృత్యువుతో పోరాడి ఫిబ్రవరి 18న కన్నుమూశారు. ఇద్దరి విషయంలోనూ లోకం విన్న మాట గుండెపోటు. గుండెపోటంటే గుండెకు రక్తం తెచ్చే గొట్టం మూసుకుపోవడం. నువ్వు రాసిన దడ ఎక్కువగా లయకు సంబంధించింది. ఒకటి నీళ్ళ పైపు తగువు, ఇంకొకటి కరెంటు తగువు. రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి కనక ఒక్కోసారి కలుస్తాయి, కానీ రెండూ ఒకటి కావు. నువ్వు రాసిన లక్షణాల్లో నన్ను భయపెట్టింది ఒక్కటీ లేదు. కానీ ఒక్కసారి డాక్టరుకు చూపించుకో. నీ భయానికి ఇ.సి.జి. కాగితమే మందు. ఇంట్లో కూడా చెప్పు. సినిమాలు మానెయ్యమంటే ఈ పేజీ చూపించు.

ఆ రోజు తెర మీద రోగిగా అందర్నీ ఏడిపించిన అక్కినేని గారు అంతకు ఏడేళ్ళ ముందే, 1974లో, అమెరికాలో గుండెకు ఆపరేషన్ చేయించుకుని వచ్చినవారు. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్ళు బతికారు. 2013లో తనకు నిజంగానే క్యాన్సరొస్తే పత్రికలవాళ్ళను పిలిచి తనే చెప్పారు. జబ్బు చెప్పుకోవడం చిన్నతనం కాదని అంత పెద్దమనిషి చూపించి వెళ్ళారు.

మా అప్పకు పెళ్ళయింది. అన్నీ చెప్పే చేశాం. అన్నీ తెలిసే చేసుకున్నాడు మా బావ. తర్వాత ఇరవై ఏళ్ళకు కవాటం మళ్ళీ మొరాయిస్తే కృత్రిమ కవాటం పెట్టారు. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకుంటుంది, క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటుంది. ఇద్దరు మనవలు. పోయిన సంక్రాంతికి ఊరెళితే అందరం కలిసి సినిమాకెళ్ళాం. ఒక సీనులో పాట ఆగి, మాటలాగి, హాలంతా నిశ్శబ్దమైంది. నా పక్క సీట్లోంచి టిక్ టిక్‌మని సన్నటి చప్పుడు. కృత్రిమ కవాటం చేసే చప్పుడు అది. నేను అటు తిరిగాను.

"ఏట్రా, ఇనిపిస్తందా?" అంది అప్ప.

"వినిపిస్తోందప్పా" అన్నాను.

"మరి బొమ్మ సూడు" అంది.

చూశాను. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.